తప్పు ఎవరి ఖాతాలో పడాలి?

మా మేనత్త సంతకం నేర్చుకునేసరికి ఆమెకు నలభై దాటాయి. 1991లో నెల్లూరు జిల్లా అంతటా సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్న రోజులవి. పగలు పొగాకు గ్రేడింగ్, రాత్రి లాంతరు ముందు పలక. అంతకుముందు కూలి మస్టర్‌లోనైనా, బ్యాంకు కాగితం మీదనైనా ఎవరో ఒకరు ఆమె చెయ్యి పట్టుకుని, బొటనవేలికి సిరా పూసి అద్దించేవాళ్ళు. ఆ సిరా రెండు రోజులు పోయేది కాదు. మన దగ్గర ‘వేలిముద్రగాడు’ అంటే చదువు రానివాడని ఒక అర్థం, ఎవరైనా ఇట్టే మోసం చేయగలిగినవాడని ఇంకో అర్థం. పొదుపు సంఘం పుస్తకంలో మొదటిసారి తన పేరు తాను రాసిన రోజు అత్త ఇంటికొచ్చి, అదే పేరు గోడ మీద బొగ్గుతో రాసి అందరికీ చూపించింది.

పాతికేళ్ళు గడిచాక రేషన్ షాపులోకి చేతిలో పట్టేంత మిషన్ ఒకటి వచ్చింది.

“సంతకం పెడతాను నాయనా,” అంది అత్త.

“దీనికి సంతకం అక్కర్లేదమ్మా. వేలు పెట్టు.”

బొటనవేలు పెట్టింది. మిషన్ కుయ్యిమంది. చూపుడువేలు పెట్టింది. మళ్ళీ అదే. డీలర్ మంచివాడే. చెంగుతో తుడుచుకోమన్నాడు, తడిగుడ్డ ఇచ్చాడు, ఎడమ చెయ్యి పెట్టమన్నాడు, చివరికి తానే వేలు పట్టుకుని నొక్కాడు. తెర మీద 300 అని ఎర్రర్ కోడ్ వచ్చింది. పెట్టిన వేలు ఆధార్ రికార్డులో ఉన్న వేలితో సరిపోలేదని దానర్థం. ఏళ్ళ తరబడి పొగాకు ఆకులు విడదీసిన వేళ్ళు అవి, గీతలు అరిగి నున్నగా అయిపోయాయి. “రేపు రామ్మా, పడుద్దిలే,” అన్నాడు. ఆ నెల నాలుగోసారి వెళ్తే పడింది.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు రెండు రకాల జవాబులు వస్తాయి. ‘టెక్నాలజీ వచ్చాక దొంగ కార్డులు పోయాయి, ఒకరిద్దరికి ఇబ్బంది సహజం’ అనేది ఒకటి. ‘ఈ మిషన్లన్నీ పేదవాళ్ళ పొట్ట కొట్టడానికే’ అనేది రెండోది. రెండూ మిషన్ గురించే మాట్లాడతాయి. ఆ మిషన్ వెనక ఒక తత్వం ఉందని, దాన్ని ఎవరో ఒక గదిలో కూర్చుని ఎంచుకున్నారని రెండూ పట్టించుకోవు.

తత్వం అనగానే మనకు కాషాయం, గడ్డం, ‘నేనెవరు’ అన్న ప్రశ్న గుర్తొస్తాయి. ఇక్కడ అంత లోతు అక్కర్లేదు. తప్పు జరగక తప్పనప్పుడు అది ఎవరి మీద పడాలి అన్న ప్రశ్నకు సమాజం ఇచ్చుకునే జవాబునే తత్వం అంటున్నాను. సమానత్వం గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చినా, చివరికి అది తేలేది ఈ జవాబు దగ్గరే.

వేలిముద్ర పుట్టుక

వేలిముద్రతో మనిషిని గుర్తించే పద్ధతి ఇంగ్లండ్‌లో పుట్టి ఇక్కడికి వచ్చిందనుకుంటాం. నిజానికి అది ఇక్కడే పుట్టి అక్కడికి వెళ్ళింది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే కంపెనీ కాలం అధికారి, రోడ్డు కంకర సరఫరా చేసే రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరు చేత ఒప్పందం వెనక అరచేతి ముద్ర వేయించాడు. సంతకం నాది కాదని రేపు ఎగ్గొట్టకుండా బెదిరించడమే ఉద్దేశం. తరువాత కలకత్తాలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు పోలీసు అధికారులు వేలిముద్రలను లెక్కగట్టి వర్గీకరించే పద్ధతి తయారుచేశారు. 1897లో అక్కడే వేలిముద్రల బ్యూరో మొదలైంది. పేరు మాత్రం వాళ్ళ పై అధికారి హెన్రీకి దక్కింది. అది వేరే కథ.

ఎదుటివాడు అబద్ధమాడతాడు, వాడి మాట కన్నా వాడి ఒంటిని నమ్మడం మేలు అన్న అనుమానంతో పుట్టిన పనిముట్టు ఇది. పాలించేవాడికి పాలితుడి మీద ఉన్న అనుమానం. ఒక పనిముట్టు ఎలా పుట్టిందో తలరాత అలాగే ఉండాలని లేదు, కానీ ఆ వాసన అంత తేలిగ్గా పోదు. నెలకు అయిదు కిలోల బియ్యం తీసుకునే మనిషి నెలనెలా తాను దొంగ కాదని రుజువు చేసుకోవాలి. బంగ్లా మీద ఆస్తి పన్ను రాయితీ తీసుకునేవాడిని ప్రతి నెలా వేలు పెట్టమని ఎవరూ అడగరు.

మిషన్ లోపల ఏముంది

వేలిముద్ర మిషన్ మన వేలి ఫొటోను ఫొటోతో పోల్చదు. గీతలు ఎక్కడ ఆగిపోయాయి, ఎక్కడ రెండుగా చీలాయి అని చూసి, ఆ చుక్కల స్థానాలను గుర్తుపెట్టుకుంటుంది. మళ్ళీ వేలు పెట్టినప్పుడు కొత్త చుక్కలను పాత చుక్కలతో పోల్చి ఒక మార్కు వేస్తుంది. ఆ మార్కు ఫలానా గీత దాటితే పాసు, దాటకపోతే ఫెయిలు. అంతే.

కీలకమంతా ఆ పాసు మార్కులోనే ఉంది. దాన్ని పెంచితే వేరేవాళ్ళు దొంగతనంగా దూరే అవకాశం తగ్గుతుంది, అసలు మనిషిని కాదని తోసేసే అవకాశం పెరుగుతుంది. తగ్గిస్తే అసలు మనుషులందరూ లోపలికి వస్తారు, వాళ్ళతో పాటు ఒకరిద్దరు దొంగలూ వస్తారు. ఒక తప్పును నొక్కితే రెండోది పైకి లేస్తుంది. రెండూ సున్నా అయ్యే మిషన్ ప్రపంచంలో ఎక్కడా లేదు. మిషన్ బాగుపడే కొద్దీ రెండూ తగ్గుతాయి నిజమే. అయినా మిగిలిన తప్పును ఎవరి వైపు తోయాలన్నది మాత్రం ఇంజినీరు తేల్చగలిగే విషయం కాదు.

రేషన్‌లో ఈ రెండు తప్పులకూ పేర్లున్నాయి. అర్హత లేనివాడు లోపలికి రావడం చేర్పు తప్పు. అర్హత ఉన్నవాడు బయట ఉండిపోవడం తొలగింపు తప్పు. మొదటి దానివల్ల ఖజానాకు కొంత డబ్బు పోతుంది. రెండో దానివల్ల ఒక ఇంట్లో ఆ నెల అన్నం తగ్గుతుంది. కాగితం మీద రెండూ ‘ఒక శాతం’ అనే కనిపిస్తాయి. ఆడిట్‌లో మొదటిది మాత్రమే దొరుకుతుంది. దొంగ కార్డు కనిపెట్టిన అధికారికి మెచ్చుకోలు ఉంటుంది. అన్నం తగ్గిన ఇంటి లెక్క ఏ కాలమ్‌లోనూ రాయరు కాబట్టి దానికి ఎవరినీ అడగడం ఉండదు. మిషన్లన్నీ చడీచప్పుడు లేకుండా ఒకే వైపుకు ఎందుకు ఒరుగుతాయో దీన్నిబట్టే అర్థమవుతుంది.

తత్వవేత్తలు ఈ తకరారును ఎప్పుడో పట్టుకున్నారు. ఇంగ్లిష్ తత్వవేత్త బెంథామ్ దారిలో వెళ్ళేవాళ్ళు మొత్తం లాభనష్టాలు కూడమంటారు. తొంభై మందికి మేలు జరిగి పది మందికి నష్టం వస్తే లెక్క లాభంలోనే ఉంది. అదే 18వ శతాబ్దంలో న్యాయవాది బ్లాక్‌స్టోన్, పది మంది దోషులు తప్పించుకున్నా ఫరవాలేదు, ఒక నిర్దోషికి శిక్ష పడకూడదు అన్నాడు. అంటే రెండు తప్పులూ సమానం కావని, ఒకదాని బరువు రెండోదానికి పది రెట్లని. 1971లో అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ ఇంకో మెలిక పెట్టాడు. ఈ సమాజంలో రేపు నువ్వు ఎవరుగా పుడతావో తెలియకుండా నియమాలు రాయమన్నాడు. పాసు మార్కు ఎంత ఉండాలో తేల్చే ఆఫీసరుకు, రేపు తన వేళ్ళు కూడా పొగాకు కూలి వేళ్ళు కావచ్చని తెలిస్తే ఏ అంకె వేస్తాడు?

మన దేశంలో ఈ మాట అందరికన్నా సూటిగా అన్నది అంబేడ్కర్. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు, ఒక ఓటుకు ఒక విలువ ఇస్తున్నాం కానీ సామాజిక, ఆర్థిక జీవితంలో ఒక మనిషికి ఒక విలువ ఇవ్వలేకపోతున్నామని హెచ్చరించాడు. ఆయనకు యంత్రాల మీద కోపం లేదు. గాంధీ యంత్రాల మోజును తప్పుపడితే (కుట్టు మిషన్‌ను మాత్రం గాంధీ కూడా మినహాయించాడు), అంబేడ్కర్ అందుకు ఎదురు వాదించాడు. ఒళ్ళు హూనం చేసుకునే చాకిరీ నుంచి మనిషికి విడుదల దొరికేది యంత్రంతోనేనని, యంత్రం ఫలితం కొందరి చేతుల్లోకే పోతుంటే మార్చాల్సింది యంత్రాన్ని కాదు, సమాజపు అమరికనని ఆయన వాదన. నా ఓటు ఇక్కడ అంబేడ్కర్‌కే. మురుగు కాలువలో మనిషిని దించే దేశంలో యంత్రం వద్దనడం, ఆ కాలువలో దిగనవసరం లేనివాళ్ళకే చెల్లే మాట.

ఒకే వేలిముద్ర, రెండు రాష్ట్రాలు

ఇదంతా గాలిలో వాదన అనిపిస్తే, పక్కపక్కన పెట్టి చూడడానికి రెండు అనుభవాలున్నాయి. రెండింటినీ ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ పెద్ద ఎత్తున కొలిచారు.

మొదటిది మనదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు పంచడానికి స్మార్ట్‌కార్డులు పెట్టారు. 2010 నుంచి 8 జిల్లాల్లో, 157 మండలాల్లో, ఏ మండలంలో ముందు పెట్టాలి, ఏ మండలంలో తరువాత పెట్టాలి అన్నది లాటరీ పద్ధతిలో తేల్చి, తేడాను కొలిచారు. కూలి డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం ఒక్కోసారికి 22 నిమిషాలు తగ్గింది. డబ్బు వారం అటూఇటూగా ముందే చేతికొచ్చింది. మధ్యలో మాయమయ్యే సొమ్ము దాదాపు 41 శాతం తగ్గింది. పని అడిగినవాళ్ళకు పని దొరకడం మాత్రం ఎక్కడా తగ్గలేదు.

ఇంత బాగా ఎలా కుదిరింది? మిషన్ గొప్పతనం కొంత, చుట్టూ పెట్టిన షరతులు ఎక్కువ. రెండేళ్ళు గడిచినా సగం చెల్లింపులే వేలిముద్రతో జరిగాయి. మిగిలినవాళ్ళకు, అంటే కార్డు రానివాళ్ళకు, వేలు పడనివాళ్ళకు, పాత పద్ధతిలోనే డబ్బు ఇచ్చారు. ‘కార్డు లేదు కాబట్టి కూలి లేదు’ అనలేదు. ఇంకో షరతు నాకు మరీ నచ్చుతుంది. ఊళ్ళో ఆ మిషన్ పట్టుకుని డబ్బు పంచే మనిషి ఆ ఊరి ఆడమనిషే అయ్యుండాలి, పొదుపు సంఘంలో సభ్యురాలై ఉండాలి, ఊరి అధికారులకు బంధువు కాకూడదు, వీలైతే అణగారిన కులాల నుంచి రావాలి. అంటే మిషన్ ఎవరి చేతిలో ఉండాలి అన్నది మిషన్ కొనేటప్పుడే రాసుకున్నారు. ఈ నిబంధన రాసిన ఆఫీసరు ఎవరో గానీ, ఆ రెండు వాక్యాల్లో ఉన్నంత తత్వం చాలా సెమినార్లలో దొరకదు.

రెండోది జార్ఖండ్‌లో రేషన్ బియ్యం. 2016 ప్రాంతంలో, కోటిన్నర మంది లబ్ధిదారుల మీద. ఇక్కడ వేలిముద్ర తప్పనిసరి. పడితేనే బియ్యం. ఫలితం చూడండి. వేలిముద్ర పెట్టించడం వల్ల మాత్రమే దోపిడీ తగ్గలేదు. జనానికి తిప్పట పెరిగింది. ఆధార్ జోడించుకోని కుటుంబాలకు అందే సరుకు సగటున 10 శాతం తగ్గింది. ఆ తరువాత మిషన్‌లో నమోదైన లెక్కను బట్టి డీలర్ల కోటా కోయడం మొదలుపెట్టాక దోపిడీ బాగా తగ్గింది, దాంతో పాటే జనానికి అందే బియ్యమూ తగ్గింది.

దోపిడీ మొదట్లో తగ్గకపోవడంలో వింతేమీ లేదు. డీలర్ దొంగతనం అక్కడ ఎక్కువగా లేని మనుషుల పేర్లమీద జరగడం లేదు, ఉన్న మనుషులకు తక్కువ తూచడంలో జరుగుతోంది. మిషన్‌కు ఎవరు వచ్చారో తెలుసు. కాటాలో ఎన్ని కిలోలు పడ్డాయో తెలియదు. రాజమ్మ వేలు రాజమ్మదేనని నూటికి నూరుపాళ్ళు రుజువైనా, ఆమె సంచిలో అరకిలో తక్కువే ఉంటుంది. రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాశారు. పిడుగుకూ బియ్యానికీ ఒకే మంత్రం అంటారు కదా, ఇక్కడ అక్షరాలా బియ్యానికే ఆ మంత్రం చదివారు.

ఒకటి కూలి డబ్బు, ఇంకొకటి బియ్యం. రెండు రాష్ట్రాల యంత్రాంగాలూ వేరు. అచ్చంగా పోల్చకూడదన్నది నిజమే. అయినా ఒక తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఒకచోట మిషన్ ఫెయిలైతే బరువు ప్రభుత్వం మోసింది. ఇంకోచోట ఇంటికి ఖాళీ సంచితో వెళ్ళిన మనిషి మోసింది.

2017 సెప్టెంబర్‌లో అదే జార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లాలో 11 ఏళ్ళ పాప చనిపోయింది. ఆ ఇంటి రేషన్ కార్డు ఆధార్‌కు జోడించలేదని అంతకుముందే రద్దయింది. ఆకలితో పోయిందని తల్లి, మలేరియాతో పోయిందని అధికారులు. నెల తిరగకముందే, అక్టోబర్ 24న, ఆధార్ లేదన్న కారణంతో ఎవరి కార్డూ తీసేయకూడదని, వేలు పడకపోయినా సరుకు ఇవ్వాలని, అలా ఇచ్చినవాళ్ళ వివరాలు విడిగా ఒక రిజిస్టర్‌లో రాయాలని కేంద్రం ఉత్తర్వు పంపింది. ఆ రిజిస్టర్ సంగతి గుర్తుపెట్టుకోండి.

అసలు ఎందుకు గుర్తుపట్టాలి?

ఇంత రగడ జరుగుతున్నా ఒక ప్రశ్న ఎవరూ అడగరు. పేదవాడిని గుర్తుపట్టాల్సిన అవసరం ఎక్కడినుంచి వచ్చింది?

1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పుడు మన దగ్గర చాలా విశాలంగానే పంచారు. 1997లో కేంద్రం రేషన్‌ను ‘లక్షిత’ పద్ధతిలోకి మార్చింది. అంటే దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఒక ధర, ఎగువన ఉన్నవాళ్ళకు ఇంకో ధర. అప్పటి నుంచి రేఖకు ఇటు ఎవరు, అటు ఎవరు అని తేల్చడమే పెద్ద పని అయిపోయింది. ఆ పనికి సర్వేలు, సర్వేల తప్పులకు కార్డులు, దొంగ కార్డులకు వేలిముద్రలు, వేలిముద్రల తప్పులకు కంటిపాప, దానికీ కుదరకపోతే ముఖం. టెక్నాలజీ మీద టెక్నాలజీ. మొదట ఎంచుకున్న ఒక్క తత్వానికి ఇవన్నీ వడ్డీలు.

తమిళనాడు ఆ రేఖ గీయనే లేదు. బియ్యం అందరికీ అంది. ఉన్నవాళ్ళు క్యూలో నిలబడలేక వాళ్ళే మానుకుంటారు. ఛత్తీస్‌గఢ్ ఇంకో దారి పట్టింది. రేషన్ షాపులను ప్రైవేటు డీలర్ల చేతుల్లోంచి తీసి పంచాయతీలకు, సహకార సంఘాలకు, మహిళా సంఘాలకు ఇచ్చింది. బియ్యం లారీలకు పసుపు రంగు వేసింది, దారి తప్పితే ఊరంతా చూస్తుందని. లారీ బయలుదేరగానే ఫోన్లకు మెసేజ్ వచ్చే ఏర్పాటు చేసింది. ఆర్థికవేత్తలు జీన్ డ్రేజ్, రీతికా ఖేరా లెక్కల ప్రకారం 2004-05లో అక్కడ సగం బియ్యం దారి మళ్ళేది, 2009-10 నాటికి అది పదో వంతుకు దిగింది. వేలిముద్ర లేకుండానే. లారీకి రంగు వేయడం, ఫోన్‌కు మెసేజ్ పంపడం కూడా టెక్నాలజీయే. తేడా ఏమిటంటే, అది జనం చేత సర్కారును కనిపెట్టించే టెక్నాలజీ. మనం పెట్టుకున్నది సర్కారు చేత జనాన్ని కనిపెట్టించేది.

లక్ష్మి ఎన్ని రకాలు

మిషన్ తప్పులు వేలి దగ్గరే ఉంటే ఇంకా నయం, కనీసం కళ్ళెదుట కనిపిస్తాయి. ఇప్పుడు తీర్పు కంప్యూటర్ లోపలికి వెళ్ళిపోయింది.

తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ ఉంది. వాహనాల రిజిస్ట్రేషన్, భూమి, ఆస్తిపన్ను, కరెంటు వంటి అనేక శాఖల రికార్డులను కలిపి, ఇందులో ఉన్న మనిషీ అందులో ఉన్న మనిషీ ఒకరేనా అని పోల్చి చూస్తుంది. కారుందని తేలితే రేషన్ కార్డుకు అనర్హులు. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఆ పోలిక పేర్ల మీద, ఇంటిపేర్ల మీద, చిరునామాల మీద ఆధారపడుతుంది. తెలుగు పేరు సంగతి మనకు తెలియనిదా! వెంకటేశ్వర్లు ఓటరు కార్డులో వెంకటేశ్వరరావు అవుతాడు. ఇంటిపేరు ఒకచోట ముందు పొడి అక్షరం, ఇంకోచోట చివర పూర్తి మాట, పాసుపుస్తకంలో తండ్రి పేరు కూడా అతుక్కుని ఉంటుంది. ‘లక్ష్మి’ని ఇంగ్లిష్‌లో కనీసం నాలుగు రకాలుగా రాస్తారు. షేక్ మస్తాన్‌లు ఒక్కో మండలంలో డజన్ల కొద్దీ ఉంటారు. ఊళ్ళో డోర్ నంబరు అడిగితే ‘రామాలయం పక్కన’ అంటారు. వీటిని కలపాలంటే కంప్యూటర్ ‘దాదాపు ఒకటే’ అని ఊహించక తప్పదు. ఎంత దాదాపు అయితే ఒకటే అనుకోవాలి? మళ్ళీ అదే పాసు మార్కు.

2014 నుంచి 2019 మధ్య తెలంగాణలో 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దయ్యాయి, నోటీసు కూడా ఇవ్వకుండా. చాలామందికి ఆ సంగతి షాపుకు వెళ్ళాకే తెలిసింది. కారుందని రికార్డు చూపించడంతో కార్డు పోయినవాళ్ళలో సొంతానికి మోటారు బండి కూడా లేనివాళ్ళున్నారు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కంప్యూటర్ మాటే నమ్ముకోకుండా ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ విచారించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఆ జూలై నాటికి 2 లక్షలకు పైగా దరఖాస్తులు చూస్తే, 15 వేలకు పైగా కుటుంబాలు అర్హులని తేలింది. అంటే చూసినవాటిలో సుమారు ఏడున్నర శాతం.

ఏడున్నర శాతం చిన్నదా, పెద్దదా? బెంథామ్ లెక్కలో చిన్నది. తొంభై రెండు మంది అనర్హులను సరిగ్గానే పట్టుకున్నాం కదా! బ్లాక్‌స్టోన్ లెక్కలో అది ఘోరం. అంకె అదే. మీరు ఏ కళ్ళద్దాలు పెట్టుకున్నారన్నదే తేడా.

నా లెక్క ప్రకారం ఇక్కడ ఏడున్నర కన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. రుజువు భారం తిరగబడింది. మామూలుగా ‘నీకు కారుంది’ అని ఆరోపించేవాడు కారు చూపించాలి. ఇక్కడ లేని కారు లేదని రోజుకూలీ చేసుకునే మనిషి రుజువు చేయాలి. లేనిదాన్ని లేదని చూపించే సర్టిఫికెట్ ఏ మీసేవలో ఇస్తారు? పైగా ఎవరి మీద కేసు పెట్టాలో కూడా తెలియదు. డీలర్ ‘నా చేతిలో ఏం లేదు, సిస్టమ్‌లో లేదు’ అంటాడు. తహసీల్దారు ఆఫీసులోనూ ‘సిస్టమ్’. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదని వెనకటికి ఎవరినో ఒకరిని తిట్టుకునే వీలైనా ఉండేది. తిట్టుకోవడానికి మనిషి కూడా లేని తలుపు ఇది.

ఇది పేద దేశాల గొడవ మాత్రమే అనుకోకండి. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకునే వేలాది కుటుంబాల మీద పన్నుల శాఖ మోసగాళ్ళని తప్పుడు ముద్ర వేసింది. అనుమానితులను ఏరే పద్ధతిలో డచ్చి పౌరసత్వం లేకపోవడాన్ని కూడా ఒక లక్షణంగా లెక్కవేసింది. 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వం ఆ కుంభకోణం మీద రాజీనామా చేసింది. ఇక్కడా అక్కడా ఒకటే జరిగింది. అనుమానం పాతది, ఫైలు కొత్తది.

మేలు లేదా?

ఉంది. దాచకూడదు. 2011-12లో దేశం మొత్తం మీద రేషన్ ధాన్యంలో 40 శాతానికి పైగా జనానికి చేరేదే కాదని డ్రేజ్, ఖేరాలే లెక్కగట్టారు. చనిపోయినవాళ్ళ కార్డుల మీద బియ్యం లాగినవాళ్ళను మనమూ చూశాం. మరీ ముఖ్యంగా, కార్డు ఏ ఊరిదైనా ఏ షాపులోనైనా సరుకు తీసుకోవచ్చన్న వెసులుబాటు ఈ మిషన్ లేకపోతే వచ్చేది కాదు. 2022 జూన్‌లో అస్సాం చేరడంతో ఆ ఏర్పాటు దేశమంతటా పూర్తయింది. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌కు బిల్డింగ్ పనికొచ్చిన కుటుంబానికి అదెంత పెద్ద మాటో ఆ కుటుంబాన్నే అడగాలి. డీలర్ నచ్చకపోతే పక్క షాపుకు పోవచ్చన్న ఒక్క ముక్కతో డీలర్ గొంతు ఎంత మెత్తబడిందో నేను కళ్ళారా చూశాను. మిషన్ మనిషిని ఒక షాపుకు కట్టేయడం మాని విడిచిపెట్టింది. అదే వేలిముద్ర, అదే కంప్యూటర్. ఈసారి దాన్ని తిప్పింది అనుమానం వైపు కాదు.

2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు ఆధార్ మీద 4-1 తీర్పు ఇచ్చినప్పుడు ఈ రెండు తత్వాలూ ఒకే కాగితాల కట్టలో ఎదురుపడ్డాయి. కోట్లమందికి మేలు చేస్తున్నదాన్ని కొందరు మిగిలిపోయారన్న వాదనతో కొట్టేయలేమని మెజారిటీ అంది. వేలు పడలేదని ఎవరికీ హక్కు నిరాకరించకూడదనీ అంది. ఒంటరిగా నిలబడ్డ జస్టిస్ చంద్రచూడ్ మాత్రం మనిషి గౌరవం, హక్కులు అల్గారిథమ్‌ల మీద, సంభావ్యతల మీద ఆధారపడి ఉండకూడదని రాశారు. ఆ విచారణలో ఆధార్ సంస్థ ఇచ్చిన వివరాల్లోనే ప్రభుత్వ సేవల్లో ధ్రువీకరణ నూటికి 88 సార్లు సఫలమవుతోందని ఉంది. మిగతా 12 సార్లు ఫెయిలైనంత మాత్రాన సేవ అందనట్టు కాదని, వేరే దారులున్నాయని ఆ సంస్థ చెప్పింది.

ఉన్నాయి నిజమే, కాగితం మీద. ఆ దారి తెరవాల్సింది షాపులో కూర్చున్న మనిషి. మిషన్‌ను కాదని సరుకిస్తే రేపు తన మీదికి వస్తుందేమోనని అతనికి టెన్షన్. ‘సిగ్నల్ లేదు, రేపు రా’ అంటే ఎవరూ ఏమీ అనరు. మిషన్‌ను కాదనే అధికారం ఒక మనిషికి ఇచ్చి, ఆ అధికారం వాడినందుకు అతన్ని దొంగలా చూడకుండా ఉండడం అన్నది ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ కొనుక్కోలేం. పాత స్మార్ట్‌కార్డుల కాలంలో అది చేయగలిగాం. ఎలా చేశామో రాసిపెట్టుకోవడం మాత్రం మరచిపోయినట్టున్నాం.

అత్తకు ఇప్పుడు డెబ్బై అయిదు. కిందటిసారి ఊరెళ్ళినప్పుడు ఆమెను తీసుకుని రేషన్ షాపుకు నేనే వెళ్ళాను. వేళ్ళు పడలేదు. కంటిపాప మిషన్ చార్జింగ్ లేదు. పడనివాళ్ళ వివరాలు రాసే రిజిస్టర్ ఉండాలి కదా అని అడిగాను. డీలర్ కాసేపు నా మొహంలోకి చూసి, బల్ల కింద గోనె సంచుల మధ్య వెతికి ఒక పొడుగు పుస్తకం తీశాడు. దుమ్ము దులిపాడు. మొదటి పేజీలో నాలుగు మూలలా పసుపు, మధ్యలో ‘శ్రీ’ అని రాసి ఉంది. తరువాతి పేజీల్లో గళ్ళు గీసి ఉన్నాయి, ఒక్క పేరు లేదు.

“ఎవరూ అడగలేదు సార్,” అన్నాడు.

అత్త పెన్ను ఇమ్మంది.